పూలు మీరే తెచ్చుకోవాలి

మ్యూజియంకు పోతే ముందు పని పోయేది మన చేతులకే. సంచి గేటు దగ్గరే పెట్టించుకుంటారు. లోపల అడుగడుక్కీ ముట్టుకోరాదని బోర్డు. ఖాళీ అయిన ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక చాలామంది వెనక్కి కట్టుకుని, తనిఖీకి వచ్చిన తాసీల్దారులా నడుస్తుంటారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో బొమ్మ గడియారం ముందు గంటగంటకూ జనం పోగవుతారు కదా, చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి పోతుంది. పిల్లలు ఒకటి, రెండు అని లెక్క పెడతారు. అక్కడ మనకు దొరికే పని ఆ లెక్క ఒక్కటే, అదీ ఎవరూ అడక్కపోయినా పిల్లలు సొంతంగా పెట్టుకున్నది.

ఈ సంగతి ఎందుకెత్తానంటే, మా అన్న బిడ్డ సిటీలో బొమ్మల చదువు చదువుతోంది. ఇంటికొస్తే ఇన్‌స్టలేషన్ అంటుంది, ఇంటరాక్టివ్ అంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్లే చెయ్యి పెట్టి బొమ్మను పూర్తి చేసే ప్రదర్శనలట. "చిన్నాన్నా, మన ఇబ్రహీంపట్నంలో అసొంటిది ఒక్కటి పెట్టినా బాగుండు" అని దాని బాధ. మా ఊళ్లో ఆర్ట్ గ్యాలరీ అని బోర్డు పెట్టిన గది నేనైతే చూడలేదు. సాగర్ రోడ్డు పొడుగునా బోర్డులకేం తక్కువ లేదు గానీ, అవన్నీ ప్లాట్లవి.

సరే, ముందు ఆ ప్రదర్శనల కథేమిటో చూద్దాం, ఊరి సంగతి తర్వాత.

జపాన్ కళాకారిణి యాయోయి కుసామా 2002లో ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లోని క్వీన్స్‌ల్యాండ్ ఆర్ట్ గ్యాలరీలో పిల్లల కోసం ఒక గది తయారు చేసింది. గోడలు, నేల, కుర్చీలు, బల్లలు అన్నిటికీ తెల్లరంగే. వచ్చిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ రంగురంగుల గుండ్రటి స్టిక్కర్లు ఇచ్చి, ఎక్కడైనా అంటించుకోండి అన్నారు. ఇంట్లో గోడ మీద పెన్సిలు గీత గీస్తే వీపు చిట్లే వయసు వాళ్లది. ఇక చెప్పాలా! రోజులు గడిచేకొద్దీ తెల్లగది కనబడకుండా పోయి, చుక్కలే మిగిలాయి. ఆ తర్వాత ఆ గది దేశదేశాలు తిరిగింది.

జనాన్ని లోపలికి రమ్మనడం ప్రతిసారీ ఇంత సాఫీగా సాగలేదు. 1971లో లండన్ టేట్ గ్యాలరీలో రాబర్ట్ మోరిస్ అనే అమెరికా శిల్పి పలకలు, దుంగలు, తాళ్లు, వాలుబల్లలు పెట్టి ఎక్కండి, జారండి, తోయండి అన్నాడు. లండన్ జనం మర్యాదస్తులని మనకో నమ్మకం. వాళ్లు ఎక్కిన ఎక్కుడికి దెబ్బలు తగిలి, కొద్దిరోజులకే ప్రదర్శన మూసేశారు. ముప్పై ఎనిమిదేళ్లకు, 2009లో, లండన్‌లోనే టేట్ మోడర్న్‌లో గట్టి సామానుతో మళ్లీ పెట్టారు. ఆ మరుసటి ఏడే అదే టేట్ మోడర్న్‌లో చైనా కళాకారుడు ఐ వైవై పింగాణీతో చేసిన పొద్దుతిరుగుడు గింజలు పది కోట్లు నేల మీద పరిచాడు. జింగ్‌డెజెన్ అనే ఊళ్లో పింగాణీ పనివాళ్లు ఒక్కో గింజకూ చేత్తో రంగువేసి చేసినవవి. వాటి మీద నడవొచ్చు, పడుకోవచ్చు, గుప్పిట్లోకి తీసుకోవచ్చు. నడుస్తుంటే దుమ్ము లేస్తోందని, ఊపిరితిత్తులకు మంచిది కాదని, వారం తిరక్కుండానే తాడు కట్టారు. ఆపైన వచ్చినవాళ్లు యథాప్రకారం చేతులు వెనక్కి కట్టుకుని చూశారు.

ఇంకొకటుంది, నాకు అన్నిటికంటే నచ్చింది. ఫెలిక్స్ గొంజాలెజ్ టోరెస్ అని క్యూబాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డవాడు. ఆయన సహచరుడు రాస్ 1991లో ఎయిడ్స్‌తో పోయాడు. ఆ ఏడే గ్యాలరీ మూలన రంగు కాగితాలు చుట్టిన చాక్లెట్లు కుప్ప పోశాడు, 175 పౌండ్లు, అంటే దాదాపు 79 కిలోలు. ఆరోగ్యంగా ఉన్న మనిషి బరువు. వచ్చినవాళ్లు ఒక్కోటి తీసుకుని నోట్లో వేసుకోవచ్చు. కుప్ప తగ్గుతూ పోతుంది, రాస్ ఒళ్లు తగ్గినట్టే. మళ్లీ తెచ్చి పోస్తారు. ఫెలిక్స్ కూడా అదే జబ్బుతో 1996లో పోయాడు. కుప్ప ఇప్పటికీ పోస్తూనే ఉన్నారు. మీ దవడన కరిగే ఆ తీపి ఒక మనిషిదని తెలిశాక రెండోది తీసుకోవాలా వద్దా అనే గుంజాటన ఒకటి ఉంటుంది చూడండి, ఆయన చేసిన అసలు బొమ్మ అదే అనుకుంటాను.

ఇన్ని విన్నాక నాకొక కొలబద్ద దొరికింది. ముట్టుకోనిచ్చారా లేదా అన్నది కాదు. నేను పోకపోతే దానికేమైనా లోటా? ఇది అడిగి చూడాలి. ఎవరూ చాక్లెట్ తీసుకోకపోతే ఫెలిక్స్ కుప్ప ఉత్త కిరాణా సరుకు. పిల్లలు రాకపోతే కుసామా గది సున్నం కొట్టిన గది. ఈమధ్య పట్టణాల్లో పుట్టుకొచ్చిన సెల్ఫీ మ్యూజియాలు ఉన్నాయి కదా, గోడ మీద రెక్కలు గీసి పెడతారు, మధ్యలో నిలబడి ఫొటో దిగితే మీకే రెక్కలు మొలిచినట్టుంటుంది. అక్కడికి నేను పోకపోయినా రెక్కలకు వచ్చిన లోటేమీ లేదు. మాకు దగ్గర్లోనే రామోజీ ఫిలింసిటీ ఉంది, చుట్టాలొస్తే తీసుకుపోతాం, సెట్ల ముందు నిలబెట్టి ఫొటోలు తీస్తాం. సరదాకేం లోటుండదు, టికెట్ పైసలు దండగ అనను. పాలుపంచుకోవడమంటే మాత్రం అది కాదు.

ఈ కొలబద్ద పట్టుకుని ఊళ్లోకి వస్తే ఏం కనిపించిందో చెప్తాను. మీరు ఈపాటికే ఊహించి ఉంటారు లెండి, తెలంగాణవాళ్లయితే మరీను.

బతుకమ్మ.

"పండుగను తెచ్చి ప్రదర్శన అంటావేంది" అని మా వదిన అప్పుడే కసిరింది. అమ్మవారిని గ్యాలరీలో పెట్టడం నా ఉద్దేశం కాదు. పండుగ పండుగే, గౌరమ్మ గౌరమ్మే. కానీ బొమ్మల చదువు చదివే పిల్ల వెతుకుతున్న సరుకు దాని పెరట్లోనే ఉందని చెప్పకుండా ఎట్లా ఉంటాను?

ఒక్కసారి పేర్చేచోట కూర్చుని చూడండి. ముందు తాంబాలంలో గుమ్మడి ఆకులు పరుస్తారు. అంచు వెంబడి తంగేడు. ఆ పూరేకులు సాయంత్రానికి రాలిపోయే రకం, అందుకే గుత్తులు దగ్గర దగ్గరగా ఒత్తి పెట్టాలి. తర్వాత గునుగు. పొలంలో ఉంటే కలుపు అని రైతు తిట్టే మొక్కే ఇది, జొన్నచేలల్లో తలలెత్తుకుని నిలబడుతుంది. ఇరవయ్యో ముప్పయ్యో కంకులు పిడికిట్లో పట్టి, తలలు సమంగా వచ్చేట్టు నేలకేసి తట్టి, దారం చుట్టి, కాడలు ఒక్క కొలతకు కత్తిరిస్తారు. కొసలు రంగునీళ్లలో ముంచుతారు, గులాబి, నీలం, ఆకుపచ్చ. రంగు కంకి కంటే వేళ్లకే ఎక్కువ పడుతుంది. దసరా దాటినా గోళ్ల చుట్టూ ఆ గులాబి వదలదు, బ్యాంకులో సంతకం పెడుతుంటే కౌంటర్లోవాళ్లు చేతికేసి చూస్తారు. కాడలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి. మధ్యలో పడే గొయ్యిని ఆకుతో, తుంచిన కాడలతో కూరుకుంటూ రావాలి. ఆ కూరుడులోనే ఉంది కిటుకంతా. అది వదులైతే నాలుగు వరసలు లేచేసరికి బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. పైకి పోయేకొద్దీ బంతి, చామంతి, పట్టుకుచ్చు. కొసన గుమ్మడిపువ్వు, దాంట్లో పసుపు ముద్దతో చేసిన గౌరమ్మ.

ఇప్పుడు మా ఇంట్లో మాటలు వినండి.

"అట్ల గాదు బిడ్డా, కాడ లోపలికి పెట్టు."

"పెట్టిన గదా నానమ్మా."

"ఏడ పెట్టినవ్? సందు కనబడ్తలేదా? ఆకు కూరు. ఇంకా కూరు."

ఈ నానమ్మ, అంటే మా అమ్మ, ఏ ఆర్టు స్కూలూ తొక్కలేదు. కానీ చెయ్యి వెయ్యమని పిలుస్తుంది, వేసిన చెయ్యి సరిగ్గా లేకపోతే తీసి మళ్లీ పెట్టిస్తుంది. గ్యాలరీ ఇంటరాక్టివ్‌లో ఈ తిట్లు ఉండవు. అక్కడ మీరు ఎక్కడ అంటించినా ఒప్పే, ఎట్లా చేసినా శభాషే. తప్పు చేసే వీలే లేనిచోట నేర్చుకునేదేముంటుంది, నా పిచ్చిగానీ.

తిట్టే పెద్దదిక్కు లేకపోతే ఏమవుతుందో కూడా ఆ ప్రదర్శనల చరిత్రలోనే ఉంది. 1974లో ఇటలీలోని నేపుల్స్‌లో మరీనా అబ్రమోవిచ్ అనే కళాకారిణి బల్ల మీద 72 వస్తువులు పెట్టి, ఆరుగంటలసేపు కదలకుండా నిలబడింది. గులాబి, ఈక, తేనె ఉన్నాయి, కత్తెర, కత్తి ఉన్నాయి, తుపాకి, తూటా కూడా ఉన్నాయి. వీటితో నన్ను ఏమైనా చెయ్యండి అంది. మొదట్లో పువ్వు చేతికిచ్చారు. పొద్దు గడిచేకొద్దీ బట్టలు కోశారు, ఒళ్లు గీరారు, చివరికి తుపాకి కూడా ఎక్కుపెట్టారు. ఆరుగంటలు అయిపోయి ఆమె కదిలి ఎదురొచ్చేసరికి ఆమె ముఖం చూడలేక జనం జారుకున్నారు. ఈ కథ విన్నప్పుడల్లా నాకు అనిపిస్తుంది, ఆ గదిలో ఒక్క నానమ్మ ఉండి ఉంటే మొదటి కత్తెరకే చెయ్యి పట్టుకుని ఉండేది.

పేర్చడం అయ్యాక ఆట. అందరి బతుకమ్మలూ వాకిట్లోనో గుడి ముందో నడుమ పెట్టి చుట్టూ తిరుగుతారు. ఒకామె చరణం ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు ఉయ్యాలో అనో కోల్ అనో అందుకుంటారు. ఎత్తుకున్నామె మధ్యలో మరిచిపోతే పక్కామె అందుకుంటుంది, ఆమెకు రాకపోతే సొంతది కలిపేస్తుంది. ఎవరింట్లో కోడలికి ఏం జరిగిందో, ఏ ఏడు వానలు ఎట్లా ముంచాయో అన్నీ ఆ వరసలో ఇమిడిపోతాయి. వలయంలో చేరడానికి టికెట్ లేదు. ఇద్దరి మధ్య సందు చూసుకుని దూరడమే. మొదటి రెండు చుట్లు అడుగు తప్పుతుంది, వంగాల్సినచోట నిలబడతారు, చప్పట్లు అటూ ఇటూ అవుతాయి. మూడో చుట్టుకు ఒళ్లే సర్దుకుంటుంది.

మరి మగవాళ్ల సంగతేంటి అంటారా? మాది పూల డ్యూటీ. తెల్లారకముందే సంచులు పట్టుకుని బీళ్ల మీద పడేది, తంగేడు కొమ్మ విరిచేది, గునుగు మోపు కట్టి తెచ్చేది మేమే. తెచ్చాక మా పని అయిపోయింది, గట్టున నిలబడి చూడ్డమే. ఈ ఆట అందరిదీ అని గొప్పలు పోయేముందు ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. చాలా ఊళ్లలో ఒకప్పుడు బతుకమ్మ కులానికో వాడ, వాడకో వలయంగానే ఆడారు. అందరూ ఒకేచోట ఆడటం అన్నిచోట్లా పాతకాలం నుంచీ ఉన్నదేమీ కాదు. తెలంగాణ ఉద్యమంలో బతుకమ్మ రోడ్డెక్కాక, పోలీసు వ్యాన్ల ముందు ఆడాక, కొన్ని గీతలు చెరిగాయి. 2014లో రాష్ట్ర పండుగ అయింది. కొన్ని గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

చీకటిపడ్డాక నెత్తిన పెట్టుకుని చెరువుకు. మా పెద్ద చెరువు ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంనాటిది, ఊరి పేరు కూడా ఆయనదే. 1550 నుంచి 1580 దాకా గోల్కొండ ఏలినవాడు. తెలుగు కవులకు దగ్గరివాడై మల్కిభరాముడు అనిపించుకున్నాడు, అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. అంత పేరున్న చెరువు నేను ఎరిగిన కాలంలో ఎక్కువ ఏళ్లు ఎండి నెర్రెలిచ్చే ఉండేది. ఇటీవల వానలు కనికరించాకే కట్ట మీద నిలబడి నీళ్లను చూసే భాగ్యం. పొద్దంతా కూర్చుని పేర్చినదాన్ని నీళ్లలోకి తోసి, తాంబాలం కడుక్కుని, మలీద పంచుకు తిని ఇంటికి వచ్చేస్తారు. దాచిపెట్టే గొడవ లేదు, ఇన్సూరెన్సు లేదు, కింద పేరు రాసిన చీటీ లేదు.

నీళ్లంటే గుర్తొచ్చింది. 2016 చివర్లో మొదలైన కొచ్చి ముజిరిస్ బినాలే అనే కళాప్రదర్శనకు వెళ్లాను. ఆస్పిన్‌వాల్ హౌస్‌లో ఒక పొడుగాటి గోడౌనులోకి సముద్రపు నీళ్లు నింపారు. చిలీ కవి రౌల్ జురితా పని. చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, మోకాలి లోతు నీళ్లలో నడవాలి. ఉప్పునీళ్లు చర్మానికి చుర్రుమంటున్నాయి, అడుగు వేస్తే చప్పుడు గోడలకు కొట్టుకుని తిరిగొస్తోంది. గోడల మీద ప్రశ్నలు. అవతలి గోడ చేరితే తెలుస్తుంది ఎవరి కోసమో. సముద్రం ఒడ్డున బోర్లా పడివున్న సిరియా పసివాడు అలన్ కుర్దీ ఫొటో 2015లో మనమంతా చూశాం. వాడి అన్న గాలిప్ కూడా అదే పడవ మునకలో పోయాడు, వాడి సంగతి చాలామందికి తెలియదు. ఆ పిల్లవాడికి అంకితం ఆ నీళ్లు. వెనక్కి తిరిగి అదే నీళ్లలో నడిచి రావాలి, ఇంకో దారి లేదు. గట్టున నిలబడి చూసి ఊరుకుంటే అది తడిసిన గోడౌను.

ఆ లెక్కన చూస్తే, పండుగకు ఇప్పుడు పట్టుకున్న చీడ కూడా నా కొలబద్దకు దొరుకుతుంది. 2025లో సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగుల బతుకమ్మ పేర్చి గిన్నిస్ రికార్డు కొట్టారు. చుట్టూ వెయ్యిమందికి పైగా ఆడవాళ్లు ఒక్క తాళానికి ఆడారు, వాళ్లది నిజమైన పాలే, కాదనను. కానీ ఆ ఎత్తున కొస వరసలో గునుగు పెట్టిన చెయ్యి ఎవరిదో, సందు కనబడ్తలేదా అని తిట్టిన నానమ్మ ఎవరో! అంతెత్తు దాన్ని తలెత్తి చూడాల్సిందే, అంటే మళ్లీ మ్యూజియమే. డీజే పెట్టి పాట వాయించడం కూడా అంతే. ఎత్తుకునే గొంతుకు పని పోయింది, మరిచిపోయే అవకాశం కూడా పోయింది.

ఇంకా పెద్ద చిక్కు పూలకే వచ్చింది. తంగేడూ గునుగూ ఎవరూ నాటేవి కావు, బీడు ఉంటే వస్తాయి. మా చుట్టూ బీళ్లన్నీ వెంచర్లయ్యాయి. రాళ్లు పాతి, మొరం పోసి, మధ్యలో ఒక తాటిచెట్టు మిగిల్చిన చోట గునుగు ఎక్కడిది? రాష్ట్ర పుష్పం తంగేడే అయినా దాని కోసం ఇప్పుడు మంచాల దాటి పోవాల్సి వస్తోంది. లేదంటే సాగర్ రోడ్డు మీద ఆటో దింపిన మోపులు బేరమాడి కొనాలి. అమెరికాలో, లండన్‌లో ఆడే మనవాళ్ల అవస్థ ఇంకోరకం, వాళ్లకు బంతి దొరుకుతుంది, చామంతి దొరుకుతుంది, గునుగు దొరకదు. దొరికినదానితోనే పేర్చి ఆడుతున్నారు, దానికేం. ఇక్కడ దొరికేచోటే లేకుండా చేసుకోవడం మన ఘనత.

ఇంత చెప్పినా మా అన్న బిడ్డ పూర్తిగా ఒప్పుకోలేదు. ఫెలిక్స్ చాక్లెట్లు ఒక మనిషి దుఃఖం, దాన్ని ఆయన ఎంచుకున్నాడు, బతుకమ్మను ఎవరూ ఎంచుకోలేదు కదా అంటుంది. ఆ మాటలో పస ఉంది. శిల్పా గుప్తా అని ముంబై కళాకారిణి 2007లో ఇందులో పేలుడు పదార్థం లేదు అని ఇంగ్లీషులో రాసిన సంచులు చేసి, ప్రదర్శనకు వచ్చినవాళ్లను అవి పట్టుకుని వీధిలోకి పొమ్మంది. లేదు అని రాసివున్నా పక్కనున్నవాళ్లు జరిగి నిలబడతారు. అసొంటి ప్రశ్న అడగడానికి పండుగ పనికిరాదు, దానికి ఒక మనిషే కావాలి. పిల్ల చదువు వృథా కాలేదు.

మీరు రావాలనుకుంటే దారి కష్టం కాదు. ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుంటే తుర్కయాంజాల్, బొంగుళూరు దాటి తిన్నగా మా ఊరే, బస్సులు తిరుగుతూనే ఉంటాయి. పెత్తరమాస నాడు ఎంగిలిపూలతో మొదలు, సద్దుల నాటికి ముగింపు. ఉత్త చేతులతో మాత్రం రాకండి, పిడికెడు గునుగైనా తెండి, దారిలో ఏ బీడులోనైనా మిగిలి ఉంటే. ఫోను సంచిలో పెట్టుకోండి, రంగునీళ్లలో పడితే నా పూచీ లేదు. ఇంకోమాట. ఆరో రోజు పొరపాటున కూడా బస్సెక్కకండి. ఆరోజు అలిగిన బతుకమ్మ, ఎవరూ పేర్చరు, ఎవరూ ఆడరు. వస్తే మా ఇంట్లో చాయ్ తాగి పోవాల్సిందే.